ఎండాకు తెగులు: ఆ యూరియా ఎవరు తిన్నారు?

ప్రశ్న:

"అయ్యా, మాది శ్రీకాకుళం జిల్లా. నాగావళి కాలవ కింద రెండెకరాల పల్లం ఉంది. ఈ ఏడు స్వర్ణ రకం వరి వేశాం. ఉభాలు, అదే నాట్లు, సకాలంలోనే అయిపోయాయి. చేను ఎంత ముదురుపచ్చగా ఉండేదంటే, గట్టు మీద పోయేవాళ్లు ఆగి చూసేవారు. పొట్టకు వచ్చే ముందు మూడు రోజులు గాలివాన కొట్టింది. వారం తిరిగేసరికి ఆకు కొసలు తెల్లగా ఎండటం మొదలైంది. ఎరువు చాల్లేదేమో అని మా ఇంటాయన ఎకరాకి అరబస్తా యూరియా చల్లారు. నాలుగు రోజులు పచ్చబడినట్టే కనిపించి, ఆ తర్వాత చేనంతా ఎండుగడ్డి రంగుకి తిరిగిపోయింది.

పై మడి మా మరిదిది. వాళ్ల నీళ్లే మా మడిలోకి దిగుతాయి. తెగులు అక్కడినుంచే వచ్చిందని ఈయన మాట జారారు. ఇప్పుడు అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. మా అబ్బాయి డిగ్రీ చదువుతున్నాడు. 'బ్యాక్టీరియా మొక్కచేతే చక్కెర తెప్పించుకుని తింటుందమ్మా, మీరు వేసిన ఎరువు దానికే పోయింది' అంటాడు. వరి మొక్కలో చక్కెరేటండి? ఇది నిజమేనా? మందుల షాపులో రెండు రకాల పొట్లాలు ఇచ్చారు, కొట్టాలా వద్దా? ఇంకో సంగతి, మొన్న వేసవిలో మా నువ్వు చేలో పువ్వు రావాల్సిన చోట ఆకుల గుత్తులు వచ్చాయి. అదీ ఇలాంటిదేనా? నా పేరు వేయకండి."

సమాధానం:

అమ్మా, ముందు చేయాల్సినవి రెండే. ఆ పొట్లాలు విప్పకండి. మిగిలిన యూరియా బస్తా మూతి కట్టేయండి. తర్వాత మిగతాది తీరిగ్గా చదవండి.

మీరు రాసిన తీరు చూస్తే ఇది బ్యాక్టీరియా ఎండాకు తెగులే అనిపిస్తోంది. అయినా కళ్లతో చూడకుండా నేను ఖాయం చేయకూడదు, మీరే చేసుకోవచ్చు. ఒక గాజు గ్లాసు నిండా తేటనీళ్లు పోయండి. ఎండిన భాగమూ పచ్చటి భాగమూ కలిసే చోట ఆకుని వేలెడంత ముక్క కత్తిరించండి. పూర్తిగా ఎండిపోయిన ముక్క పనికిరాదు, ఆ సరిహద్దే కావాలి. ఒక కోసిన అంచు నీళ్లలో మునిగేలా పట్టుకుని, గ్లాసుని కిటికీ వెలుగుకు అడ్డంగా పెట్టి చూడండి. కదపకూడదు. ఎండాకు తెగులైతే నాలుగైదు నిమిషాల్లో కోసిన చోటు నుంచి పల్చటి పాలదారం లాంటిది కిందికి జారుతుంది. అది రసం కాదమ్మా, కోట్ల కొద్దీ బ్యాక్టీరియా. నత్రజని లోపంతోనో, జింకు లోపంతోనో పండిన ఆకు నుంచి ఆ దారం రాదు.

ఇంకొక గుర్తు కూడా ఉంది. పొద్దున్నే, ఎండ పొడ తగలకముందు చేలోకి దిగి, తెగులు అప్పుడే మొదలైన ఆకుల అంచులు చూడండి. మామూలు మంచుబిందువు అద్దంలా ఉంటుంది. తెగులు ఆకు అంచున ఉండే బిందువు మజ్జిగ తేటలా మసకగా ఉంటుంది. ఎండెక్కేసరికి అదే బిందువు ఎండి, ఆవగింజలో సగం కూడా లేని పసుప్పచ్చ పూసలా ఆకుకి అతుక్కుంటుంది. గోరుతో గీకితే రాలుతుంది. వానొస్తే కరిగి మడి నీళ్లలో కలుస్తుంది. 1884లో జపాన్‌లోని ఫుకువోకా ప్రాంతపు రైతులు ఈ తెగులును మొదట గుర్తించారు. చాలాకాలం నేల పులిసిపోవడం వల్ల వస్తోందనుకున్నారు. 1909లో ఈ మసక మంచుబిందువుల్లోనే బ్యాక్టీరియా గుంపులు ఉన్నాయని కనిపెట్టారు. వాళ్లు చూసిన బిందువునే మీరు రేపు పొద్దున చూడబోతున్నారు.

ఇక మీ అబ్బాయి మాట. అక్షరాలా నిజం. వరి మొక్కలో చక్కెర ఉంటుంది, అదీ మన వంటింటి డబ్బాలో ఉన్న రకమే, సుక్రోజ్. ఎండ, గాలి, నీరు కలిపి ఆకు పగలంతా చక్కెర తయారుచేస్తుంది. ఆ చక్కెర అక్కడే ఉండిపోతే వేరు బతకదు, గింజ పాలుపోసుకోదు. అందుకని దాన్ని సన్నటి గొట్టాల్లోకి ఎక్కించి వేళ్లకీ, పిలకలకీ, వెన్నుకీ పంపిస్తుంది. నీళ్లు వేరు నుంచి పైకి ఎక్కే గొట్టాలు వేరు, చక్కెర దిగే గొట్టాలు వేరు. మీ అబ్బాయి పుస్తకంలో మొదటిదాన్ని దారువు అనీ, రెండోదాన్ని పోషక కణజాలం అనీ అంటారు. ఆయకట్టులో సాగునీటి కాలవ వేరు, మురుగు కాలవ వేరు ఉన్నట్టే అనుకోండి.

ఎండాకు తెగులు బ్యాక్టీరియా, జాంథోమోనాస్ ఒరైజే దాని పేరు, ఆకు అంచున నీరు ఊరే సూక్ష్మ రంధ్రాల్లోంచో, గాలివానకి ఆకులు ఒరుసుకున్న గాయాల్లోంచో దూరి నీటి గొట్టాల్లో కాపురం పెడుతుంది. అక్కడ నీరు పుష్కలం, తిండి మాత్రం కరువు. చక్కెర ఉన్నది పక్క కణాల్లో, గోడకి అవతల. మరి ఏం తిని కోట్లుగా పెరుగుతోంది? ఈ ప్రశ్నే శాస్త్రజ్ఞులను చాలాకాలం తిప్పలు పెట్టింది.

సమాధానం తెలిసినప్పుడు నేను చాలాసేపు చేతిలో పని ఆపి కూర్చున్నాను. ఆ బ్యాక్టీరియా గోడ బద్దలుకొట్టి చక్కెర దొంగిలించడం లేదు. సూదిలాంటి ఒక గొట్టంతో తన ప్రోటీన్లని మొక్క కణంలోకి ఎక్కిస్తుంది. ఆ ప్రోటీన్లు నేరుగా కణ కేంద్రకంలోకి వెళ్లి, మొక్క డీఎన్ఏలో తమకు కావలసిన చోటు వెతికి పట్టుకుని అక్కడ కూర్చుంటాయి. కూర్చున్న చోట ఉన్న జన్యువు మేలుకుంటుంది. ఆ జన్యువు పని ఏమిటంటే, కణంలోని చక్కెరని బయటికి పంపే ద్వారాలు తయారుచేయడం. ఆ ద్వారాలకి స్వీట్ అని పేరు పెట్టారు. వాటి పని 2010లో బయటపడింది. వరిలో అలాంటి జన్యువులు 21 దాకా ఉన్నాయి. ఎండాకు తెగులు బ్యాక్టీరియా వాటిలో 11, 13, 14 నంబర్ల వాటి మీదే ఎక్కువగా పడుతుంది.

మనకు తెలిసిన పద్ధతిలో చెబుతాను. కాలవ మీద తూము ఉంది. ఏ రోజు ఎంత తలుపు ఎత్తాలో, తూము చూసుకునే లస్కరుకి పైనుంచి ఉత్తర్వు వస్తుంది. ఎవడో ఒకడు అదే చేతిరాతతో, అదే ముద్రతో దొంగ ఉత్తర్వు రాసి లస్కరు చేతిలో పెట్టాడు. లస్కరు పాపం నమ్మకంగా తలుపు ఎత్తాడు. నీళ్లన్నీ మురుగు కాలవలోకి పోతున్నాయి, మురుగు కాలవలో వాడి చేపల చెరువు నిండుతోంది. కింద మీ మడి ఎండుతోంది. తూము పగలలేదు, తాళం విరగలేదు. మొక్క చేస్తున్న పని మొక్కదే, కాకపోతే చేయకూడని చోట, చేయకూడని వేళ, పరాయివాడి కోసం చేస్తోంది. ఆ దొంగ ఉత్తర్వు ఏ లిపిలో రాసి ఉందో, ఏ ప్రోటీన్ ముక్క డీఎన్ఏలోని ఏ అక్షరాన్ని పట్టుకుంటుందో 2009లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా చదివాయి. మీ అబ్బాయికి ఆసక్తి ఉన్నట్టుంది కనుక ఈ భాగం అతనికి చదివి వినిపించండి.

చక్కెర దొరికాక బ్యాక్టీరియా దాన్ని తినడంతో ఆగదు. కొంత చక్కెరని జిగురుగా మారుస్తుంది. ఐస్‌క్రీముల్లో, సాసుల్లో చిక్కదనానికి జాంతాన్ గమ్ అనే జిగురు వేస్తారు, విన్నారా? దాన్ని చేసేది ఇదే జాతికి చెందిన వేరే రకం బ్యాక్టీరియా. ఆకులో ఆ జిగురు నీటి గొట్టాలకి అడ్డం పడుతుంది. అందుకే మడిలో మోకాలు లోతు నీళ్లున్నా ఆకు కొస దాహంతో ఎండుతుంది. మీరు పొద్దున చూడబోయే పసుపు పూసలో ఉన్నది ఆ జిగురూ, అందులో నిద్రపోతున్న బ్యాక్టీరియానే. మొక్క చేసిన చక్కెరతో మొక్క గొంతుకే ఉరి పేనినట్టయింది.

మొక్క ఊరికే ఉండదు, తెలిశాక ఎదురు తిరుగుతుంది. కణం గోడలు గట్టిపరుచుకుంటుంది, కొన్ని చేదు పదార్థాలు తయారుచేస్తుంది, తెగులు సోకిన కణాలను తానే చంపుకుంటుంది. ఇవన్నీ ఖర్చుతో కూడిన పనులు. వెన్నుకి పోవాల్సిన బలం యుద్ధానికి పోతుంది. ఆకులో పచ్చదనం తగ్గిన కొద్దీ కొత్త చక్కెర తయారీ పడిపోతుంది. పొట్ట దశలో పోటాకు, అంటే వెన్ను కింద ఉండే పై ఆకు ఎండితే గింజకి చేరేది బాగా తగ్గిపోతుంది. తాలు గింజలు పెరగడానికీ, నిండిన గింజ కూడా మిల్లులో నూకైపోవడానికీ కారణం ఇదే.

ఇప్పుడు యూరియా సంగతి. మీ ఇంటాయన మీద కోపం పెట్టుకోకండి. పసుపు కనిపిస్తే యూరియా చల్లడం మనందరికీ చేతి అలవాటు. యూరియా ఇచ్చేది నత్రజని. అది ఎక్కువైన వరి ఆకు మెత్తగా, వెడల్పుగా, నీరుపట్టి ఉంటుంది. కణాల్లో అమైనో ఆమ్లాలు కరిగి నిల్వ ఉంటాయి. చక్కెరతో పాటు బ్యాక్టీరియాకి కావలసిన రెండో దినుసు అదే. దుబ్బులు కమ్ముకుపోయి లోపల గాలి ఆడదు, ఆకు తడి మధ్యాహ్నం దాకా ఆరదు. ఈ తెగులుకి 25 నుంచి 34 డిగ్రీల వేడి, 70 శాతం దాటిన తేమ హాయిగా ఉంటాయి. ఖరీఫ్‌లో పొట్ట దశకి మన జిల్లా వాతావరణం సరిగ్గా అలాగే ఉంటుంది. మీరు నాలుగు రోజులు చూసిన పచ్చదనం నిజమైనదే, తెగులు ఇంకా పాకని భాగం ఎరువు తీసుకుని ముదురుపచ్చబడింది. ఆ కొత్త మేతలోకే తెగులు దిగింది. గట్టు మీద పోయేవాళ్లు ఆగి చూసిన ఆ ముదురుపచ్చ కూడా, నన్నడిగితే, అప్పటికే కొంచెం ఎక్కువైన నత్రజని రంగు.

ఇది మీకు చెబుతున్నాను కానీ, ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనే ఈ తప్పు చేయించాను. విజయనగరం వైపు ఒక ఊళ్లో, తుఫాను వెలిసిన వారానికి, ఒక పెద్దాయన నన్ను చేలోకి తీసుకెళ్లి కొసలు ఎండిన ఆకులు చూపించారు. గట్టు మీద నిలబడే చూశాను, మడిలోకి దిగలేదు. ముంపు వల్ల నత్రజని కొట్టుకుపోయింది, పావుబస్తా యూరియా చల్లండి అన్నాను. పన్నెండో రోజు మళ్లీ వెళ్తే ఆ మడి చుట్టుపక్కల మళ్లలో అన్నిటికన్నా తెల్లగా ఉంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, మజ్జిగ ఇచ్చి పంపించారు. ఆ మజ్జిగ గ్లాసు ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి గ్లాసు పరీక్ష చేయకుండా యూరియా మాట ఎత్తడం మానేశాను.

ఇప్పుడు మీ చేలో ఏం చేయాలో చెబుతాను. మడిలో నీళ్లు తీసేయండి, ఒకటి రెండు రోజులు నేల మెత్తగా ఆరనిచ్చి, పొట్ట దశ కనుక మళ్లీ పల్చగా పెట్టండి, బీటలు వారనివ్వకండి. ఇక ముందు కూడా నిలవ నీరు కాకుండా ఆరుతడిగా ఇవ్వండి. కొత్త ఆకులకి తెగులు పాకడం ఆగిందని కనీసం వారం రోజులు చూసేదాకా నత్రజని ఏ రూపంలోనూ వద్దు. ఆకుల మీద కొట్టే యూరియా నీళ్లు కూడా వద్దు. పొటాష్ ఈ ఏడు అసలు వేయకపోయి ఉంటే, మీ రైతు సేవా కేంద్రంలో భూసార పరీక్ష కాగితం చూపించి ఎంత వేయాలో అడిగి వేయండి. అది కణాల గోడకి బలం ఇస్తుంది. ఆకు తడిగా ఉన్నప్పుడు, ముఖ్యంగా పొద్దున మంచులో, కలుపుకని చేలోకి దిగొద్దు. చీర కుచ్చెళ్లకీ, కాళ్లకీ అంటుకుని ఒక మూల తెగులు ఇంకో మూలకి పోతుంది. పరీక్షకి దిగేటప్పుడు మాత్రం గట్టు పక్కన రెండు దుబ్బులు చూసి వచ్చేయండి, చేను మధ్యకి పోవద్దు.

మందు సంగతి నిర్మొహమాటంగా చెప్పాలి. షాపుల్లో ఈ తెగులుకి ఇచ్చేవి సాధారణంగా యాంటీబయాటిక్ పొడి, రాగి మందు. మీ పొట్లాల మీద ఏం రాసి ఉందో మీరు రాయలేదు కనుక వాటి గురించే అంటున్నానని అనుకోకండి. ఆకు మీద పడ్డ మందు ఆకు మీదే ఉంటుంది. ఈ బ్యాక్టీరియా ఉన్నది నీటి గొట్టాల లోపల, పైగా జిగురు దుప్పటి కప్పుకుని. పైన ఉన్న కొన్ని చస్తాయి, కొత్త ఆకులకి పాకడం కాస్త తగ్గొచ్చు. ఎండిన ఆకు తిరిగి పచ్చబడదు, గొట్టాల్లో ఉన్నది పోదు. స్ట్రెప్టోమైసిన్ లాంటివి మన ఆస్పత్రుల్లో మనుషులకి అవసరమయ్యే మందులు. వాటిని మడి నీళ్లలో కలపడం నాకు మనసొప్పని పని. చేలో మందుకి అలవాటుపడిన బ్యాక్టీరియా మిగిలిపోతుందన్న భయం ఊరికే పుట్టింది కాదు. మీ చేను ఇప్పుడున్న దశలో ఆ డబ్బు ఖర్చు పెట్టమని నేను చెప్పను. మీ మండల వ్యవసాయాధికారి చేను చూసి వేరే మాట చెబితే ఆయన మాట వినండి, ఎందుకంటే ఆయన చూసి చెబుతారు, నేను చూడలేదు.

ఒక భయం మాత్రం తీసేస్తాను, చాలామంది అడుగుతారు కనుక. ఈ బ్యాక్టీరియా మనిషికీ, పశువుకీ ఏమీ చేయదు. గింజ తినొచ్చు, గడ్డి పశువులకి వేయొచ్చు. ఆ గడ్డిని మాత్రం పచ్చిగా మళ్లీ మడిలో తొక్కించకండి, ఆ చేలో గింజని విత్తనానికి ఉంచుకోకండి.

మీ మరిది విషయం. నీళ్లతో ఈ తెగులు ఒక మడి నుంచి ఇంకో మడికి దిగడం నిజం. దాన్నిబట్టి ఇది ఆయన మడి నుంచే వచ్చిందని చెప్పలేం. కోత తర్వాత మిగిలిన మోళ్లలో, గట్ల మీది గడ్డిలో, తనంతట తాను మొలిచిన కేళీల్లో ఇది ఒక పంట నుంచి ఇంకో పంట దాకా బతుకుతుంది. కాలవ నీటిలోనే రావచ్చు. గాలివాన ఒక ఆకు మీది బిందువుని ఎగరగొట్టి పది గజాల అవతలి ఆకు గాయంలో పడేస్తుంది. మూడు రోజులు గాలివాన కొట్టిందని మీరే రాశారు. హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబరులో, తిత్లీ తుఫాను వచ్చింది 2018 అక్టోబరులో, రెండూ వరి పొట్ట మీద, ఈనిక మీద ఉండే రోజులే. అలాంటి గాలి తర్వాత ఎవరి మడి నుంచి ఎవరి మడికి అని లెక్క తీయడం ఎవరివల్లా కాదు. ఇంకో మాట, ఇది అడగక తప్పదు. ఉభాలప్పుడు నారు ముదిరిందని కొసలు తుంచి నాటారా? మన వైపు ఆ అలవాటు ఇంకా ఉంది. తుంచిన ప్రతి కొసా తెరిచిన తలుపే. తుంచే చేతులు కట్ట నుంచి కట్టకి తెగులు మోస్తాయి. తుంచి ఉంటే తెగులు మీ ఆకుమడిలోనే మొదలై ఉండొచ్చు. వచ్చే ఏడు తుంచొద్దు. ఇక నీళ్లకు చేయగలిగింది ఉంది. మీ రెండు మళ్ల మధ్య గట్టు వెంబడి ఒక బోదె, అంటే చిన్న కాలవ, తీస్తే, పై మడి మురుగు మీ మడిలోకి దిగకుండా పక్కనుంచి పోతుంది. అది ఒకరితో అయ్యే పని కాదు, ఇద్దరూ కలిసి తీయాల్సిందే.

వచ్చే ఖరీఫ్‌కి విత్తనం ఇప్పుడే ఆలోచించండి. ఇక్కడే నాకు ఎక్కువ ఆశ ఉంది, అందుకే ఇంకాస్త వివరంగా రాస్తాను. స్వర్ణ మంచి రకమే, కానీ ఎండాకు తెగులుకి లొంగుతుంది. సాంబమసూరీ అంతే. హైదరాబాద్‌లోని కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రజ్ఞులు, అక్కడి వరి పరిశోధన సంస్థ వాళ్లు కలిసి సాంబమసూరిలోకి మూడు జన్యువులు తెచ్చారు. 2008లో ఇంప్రూవ్డ్ సాంబమసూరి పేరుతో విడుదలైంది. జన్యుమార్పిడి పంట కాదు, మామూలు సంకరమే. కాకపోతే ఏ పిల్లమొక్కలో ఏ జన్యువు వచ్చిందో డీఎన్ఏ గుర్తులతో చూసి ఏరారు.

ఆ మూడూ మూడు రకాలుగా కాపలా కాస్తాయి. ఒకటి ఎక్స్ఏ 21. ఇది ఆఫ్రికాలోని మాలీ నుంచి తెచ్చిన అడవి వరిది, 1995లో దాన్ని విడదీసి చదివారు. ఇది కణం గోడ దగ్గర నిలబడ్డ కాపలావాడు, బ్యాక్టీరియా అలికిడి వినగానే కేక పెడతాడు. రెండోది ఎక్స్ఏ 13. ఇది నాకు చాలా ఇష్టమైనది. ఇందాక చెప్పిన తూముల్లో ఒకటైన స్వీట్ 11 జన్యువే ఇది, కాకపోతే ఉత్తర్వు అతికించే చోట అక్షరాలు మారిపోయి ఉన్నాయి. దొంగ ఉత్తర్వు వస్తుంది, లస్కరు చూస్తాడు, చిరునామా కలవదు, తలుపు ఎత్తడు. బ్యాక్టీరియా నీటి గొట్టంలో ఆకలితో పడి ఉంటుంది. ఆ తూముని ఏకంగా పీకేస్తే పోదా అని మీ అబ్బాయి అడగొచ్చు. పోదు. పుప్పొడి తయారవ్వాలంటే ఆ చక్కెర తూము మొక్కకి కావాలి. దాన్ని బాగా అణిచేసిన మొక్కల్లో పుప్పొడి చెడిపోయి గింజ కట్టలేదు. అందుకే తూము ఉండాలి, దొంగ ఉత్తర్వు మాత్రం చెల్లకూడదు. మూడోది ఎక్స్ఏ 5. ఉత్తర్వులు అందుకుని లోపలికి పంపే గుమాస్తా లాంటి ప్రోటీన్‌లో చిన్న మార్పు అది, బ్యాక్టీరియా ప్రోటీన్ అతని చేయి పట్టుకోలేదు. ఎక్స్ఏ 13, ఎక్స్ఏ 5 రెండూ తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తేనే పనిచేస్తాయి. ఒక్క జన్యువే ఉంటే బ్యాక్టీరియా కొన్నాళ్లకి కొత్త ఉత్తర్వు రాయడం నేర్చుకుంటుంది, మూడూ ఒకేసారి దాటడం కష్టం. 2019లో మరికొందరు శాస్త్రజ్ఞులు 11, 13, 14 మూడు తూముల దగ్గరా ఆ అక్షరాలని జన్యు సవరణతో మార్చి, తట్టుకునే వరి మొక్కలు తయారుచేసి చూపించారు. ఆ దారిలో ఇంకా పని జరుగుతోంది.

ఇంప్రూవ్డ్ సాంబమసూరి సన్నబియ్యం, స్వర్ణ కన్నా ముందే కోతకొస్తుంది. కానీ రెండు సంగతులు చెప్పకపోతే తప్పవుతుంది. అగ్గి తెగులుని ఇది ఆపలేదు, దానికి మామూలుగా తీసుకునే జాగ్రత్త తీసుకోవాల్సిందే. మీది నీరు బాగా నిలిచే పల్లమైతే అన్ని రకాలూ కుదరవు. రాగోలు వ్యవసాయ పరిశోధన స్థానానికో, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికో వెళ్లి, మీ మడి ఎంత లోతో, నీళ్లు ఎన్ని రోజులు నిలుస్తాయో చెప్పి అడగండి. మొత్తం రెండెకరాలూ ఒకేసారి మార్చకండి, మొదటి ఏడు ముప్పై సెంట్లలో వేసి చూడండి.

నువ్వుల సంగతి. అది వెర్రి తెగులు. అదీ బ్యాక్టీరియా కుటుంబమే, ఫైటోప్లాస్మా అంటారు. దీనికి గోడ కూడా ఉండదు. ఇది నీటి గొట్టాల్లో కాదు, నేరుగా చక్కెర దిగే గొట్టాల్లోనే ఉంటుంది కనుక తిండికి లోటు లేదు. దీని బాధ వేరే, ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి తనంతట తాను పోలేదు, దీపపు పురుగు మోయాలి. మరి పురుగుని రప్పించాలి కదా! ఇలాంటి ఒక ఫైటోప్లాస్మా మీద జరిగిన పరిశోధనలో, అది వదిలే ఒక ప్రోటీన్ పువ్వుని పువ్వుగా తయారుచేసే మొక్క ప్రోటీన్లని నాశనం చేస్తుందని తేలింది. అప్పుడు పూరేకుల చోట ఆకులు వస్తాయి, ఆ మొక్క మీద పురుగులు ఎక్కువగా వాలి గుడ్లు పెడతాయి. దాని ఇంకో ప్రోటీన్ పురుగుని ఎదిరించే మొక్క హార్మోన్ని తగ్గిస్తుంది. మీరు చూసిన ఆకుల గుత్తులు అలా వచ్చినవే, అక్కడ కాయ కట్టదు. అలాంటి మొక్క కనబడగానే పీకి చేను బయట తగలబెట్టండి, ముందుగా గుర్తిస్తే చాలా వరకు అడ్డుకోవచ్చు. దీపపు పురుగు మందు మొక్క చిన్నప్పుడే పనికొస్తుంది. గుత్తులు వచ్చాక కొట్టినా ఆ మొక్క తిరిగి పూయదు.

ఇక రేపటి పని. గ్లాసు పరీక్ష చేసేటప్పుడు మీ మరిదిని కూడా పిలవండి, పిలిచేది మీ ఇంటాయనే అయితే మరీ మంచిది. రెండు గ్లాసులు పెట్టండి, ఒకదాంట్లో మీ మడి ఆకు, ఇంకోదాంట్లో వాళ్ల మడి ఆకు. రెండింట్లోనూ పాలదారం దిగితే, దిగుతుందనే నా అనుమానం, కోత అయ్యాక ఆ మధ్య గట్టు వెంబడి బోదె ఎక్కడినుంచి తీయాలో అక్కడే నిలబడి మాట్లాడుకోండి. మోళ్లు ఇద్దరూ ఒకే వారంలో దున్నించండి. ఫలితం ఏమైందో నాకు రాయండి, మీ అబ్బాయి చేత గ్లాసు ఫోటో కూడా పంపించండి.